ఇంటి కంప్యూటరు బడికొచ్చినప్పుడు



చీరాల బడిలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారి స్మారకోపన్యాసం కదా, రేఖాగణితం మీదో అంకగణితం మీదో మాట్లాడతానని నిర్వాహకులు అనుకున్నారు. కంప్యూటర్ల మీద మాట్లాడతానంటే కాస్త ఆశ్చర్యపోయారు. నేను మాట్లాడబోయేది ఇప్పటి కంప్యూటర్ల గురించి కాదు. 1980ల్లో ఇళ్ళకోసమని తయారై, ఆ తర్వాత తరగతి గదుల్లోకి వచ్చిన చిన్న యంత్రాల గురించి. మాస్టారు రిటైరయ్యే ముందు కొన్నేళ్ళు వాటిలో ఒకదానితో చాలా గట్టిగా తలపడ్డారు. ఆయన చేసిన పని ఎంత పెద్దదో అర్థం కావాలంటే ఆ యంత్రం ఎక్కడ పుట్టింది, ఎవరికోసం పుట్టింది, మన దాకా ఎలా వచ్చింది అన్నది ముందు చెప్పుకోవాలి.

1977లో అమెరికాలో మూడు యంత్రాలు ఒకే ఏడాది బజారులోకి వచ్చాయి: ఆపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80. అంతదాకా కంప్యూటరంటే ఏసీ గదిలో ఉండే బీరువా. మన హైదరాబాదులో 1967లో మొదలైన ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ యంత్రాలు కూడా ఆ కోవలోవే. పరిశోధన కేంద్రాలకు, విశ్వవిద్యాలయాలకు తప్ప బయట ఎవరికీ కనిపించేవి కావు. ఈ కొత్తవి బల్ల మీద పట్టేవి. ఆ తర్వాత ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ ధరను ఇంకా కిందికి దించింది. 1981లో వచ్చిన జెడ్‌ఎక్స్ 81 వెల డెబ్బై పౌన్లకు అయిదు పెన్నీలు తక్కువ. మధ్యతరగతి తండ్రి పుట్టినరోజు కానుకగా కొనగలిగిన ధర అది.

మన కథకు ముఖ్యమైనది మాత్రం బీబీసీ మైక్రో. 1978లో బీబీసీ టెలివిజన్, మైక్రోచిప్పులు వస్తే ఉద్యోగాలు ఏమవుతాయన్న విషయం మీద ఒక డాక్యుమెంటరీ చూపించింది. దేశమంతా కలవరపడింది. జనానికి కంప్యూటరు నేర్పాలని బీబీసీ నిశ్చయించుకుంది. టీవీలో పాఠం చూసినవాడు ఇంట్లో అదే పాఠం చేసి చూసుకోవాలంటే ఒక యంత్రం ఉండాలి కదా. కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీకి ఆ అవకాశం వచ్చింది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్, వాళ్ళ జట్టు వారం తిరక్కుండా నమూనా యంత్రం తయారుచేసి బీబీసీ వాళ్ళ ముందు నడిపి చూపించారు. 1981 డిసెంబరులో యంత్రం వచ్చింది, 1982 జనవరిలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. పన్నెండు వేలు అమ్ముడుపోతే గొప్ప అనుకున్నారు. చివరికి పదిహేను లక్షలు దాటాయి. ఇంకో మాట. ఆ ఇద్దరే ఆ తర్వాత గీసిన చిప్పు 1985లో పనిచేసింది. దాని పేరు ఆర్మ్. ఈ హాల్లో మీ జేబుల్లో ఉన్న దాదాపు ప్రతి ఫోనులోనూ నడుస్తున్నది ఆ చిప్పు సంతతే.

బీబీసీ మైక్రో మోడల్ బి రకంలో 32 కేబీ జ్ఞాపకశక్తి ఉండేది. ఇవాళ మీరు పంపుకునే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ఆ 32లో తెర మీద బొమ్మ కోసమే 20 కేబీ దాకా పోయేది. క్యాసెట్టు మీద నడిపితే యంత్రం సొంత అవసరాలు పోను ప్రోగ్రాముకు మిగిలేది ఎనిమిదిన్నర కేబీ. డిస్కు పెట్టుకుంటే ఇంకా తగ్గి ఆరు కేబీకి లోపే. స్విచ్చి వేయగానే రెండు శ్రుతుల్లో ఒక బీప్ వినిపించి, తెర మీద రెండు మూడు ముక్కలు కనిపించి, ఒక గుర్తు, దాని పక్కన మిణుకుమిణుకుమనే గీత నిలబడేవి. అంతే. బొమ్మలు లేవు, మెనూ లేదు. నువ్వేదో చెప్పేదాకా అది ఏమీ చెయ్యదు. చెప్పింది తప్పయితే తప్పని చెబుతుంది, మళ్ళీ నీకోసం చూస్తుంది. పిల్లలను విసుక్కోకుండా అలా ఎంతసేపైనా ఎదురుచూసే టీచరు మాకెవరికీ దొరకలేదు, మాస్టారు తప్ప.

ఇప్పుడు గమనించవలసిన సంగతి. ఆ యంత్రంలో చాలా భాగం ఒక ఇంటిని ఊహించుకుని తయారైంది. తెరగా ఇంట్లో టీవీయే పనికొస్తుంది, దాని యాంటెనా తీగ పెట్టే చోట దీని తీగ పెట్టుకోవచ్చు. ప్రోగ్రాములు దాచుకోవడానికి పాటల టేప్‌రికార్డరు చాలు. అందులో సెకనుకు 1200 బిట్లు, అంటే సుమారు 120 అక్షరాలు ఎక్కుతాయి. పదహారు కేబీ ప్రోగ్రాము రావాలంటే మూడు నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. మధ్యలో టేపు కాస్త నలిగి ఉంటే టేపు వెనక్కి తిప్పమని తెర మీద అడిగేది, మళ్ళీ మొదలు. ఇంట్లో అయితే దానికేం, పిల్లవాడు పాలు తాగి వచ్చేలోపు ఎక్కుతుంది. సాయంత్రం బడి నుంచి వచ్చి, రాత్రి అన్నం తినే దాకా ఒకే పిల్లవాడు, ఒకే యంత్రం. అలా వాడుకోవడానికి చేసిన వస్తువు అది.

దాన్ని బడికి తెచ్చేసరికి ఇంగ్లండు వాళ్ళకే ఇబ్బంది వచ్చింది. ప్రభుత్వం 1981 నుంచి బడులకు సగం ధర తాను కట్టింది, ప్రతి సెకండరీ బడికీ కనీసం ఒక యంత్రం చేరేలా చూసింది. ఒక్క యంత్రంతో ముప్ఫైమంది పిల్లలకు ఏం చెప్పాలి? అక్కడి నుంచి మొదలైంది అసలు పని. ఏకార్న్ వాళ్ళు ఎకోనెట్ అని ఒక తీగల అల్లిక చేశారు. దాంతో గదిలో యంత్రాలన్నీ ఒకే డిస్కును పంచుకోవచ్చు, టేపుల కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు. యంత్రం మూత విప్పితే లోపల ఖాళీ సాకెట్లు ఉండేవి. వాటిలో ఇంకో చిప్పు నొక్కి పెడితే అది రాతపని చేసేది, వేరొకటి పెడితే లోగో అనే కంప్యూటరు భాష నేర్పేది. వెనకపక్క నాలుగు కొలతల ఇన్‌పుట్ ఉండేది. దానికి రెండు తీగలతో థర్మిస్టరు తగిలిస్తే బీకరులో నీళ్ళు చల్లారుతుండగా తెర మీద గ్రాఫు గీసుకుంటూ పోయేది. ఇన్ని సదుపాయాలున్నా పాఠం దానంతట అది రాలేదు. 1980 నుంచి 1986 దాకా నడిచిన ఒక ప్రభుత్వ కార్యక్రమం కింద టీచర్లే పాఠాలకు ప్రోగ్రాములు రాశారు, ఒకరికొకరు పంచుకున్నారు. చిన్నపిల్లలు మంత్రగత్తె తోటలో తిరుగుతూ చదువుకునే గ్రానీస్ గార్డెన్ అనే ఆట 1983లో వచ్చింది. అది రాసిన మైక్ మాట్సన్ కూడా బడిపంతులే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1973లోనే బడుల కంప్యూటింగు కోసం ఒక సంస్థ పెట్టుకుంది. 1978 నుంచి ఆపిల్ 2లను బడులకు చేర్చడమే కాక, వాటి మీద నడిచే పాఠాలెన్నో సొంతంగా రాయించుకుంది.

ఇంటి యంత్రాన్ని బడి యంత్రంగా మార్చడం అంటే ఇదీ. కంపెనీ చేయగలిగింది కొంతే. మిగిలినదంతా టీచరు చేతిలో జరిగింది, ఎందుకంటే యంత్రాన్ని విప్పి మార్చుకునే చనువు టీచరుకు ఇచ్చారు.

మన దేశానికి ఈ బీబీసీ మైక్రోయే వచ్చింది. 1984–85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం, విద్యాశాఖ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి క్లాస్ అనే పథకం మొదలుపెట్టాయి. మొదటి ఏడాది దేశం మొత్తం మీద సుమారు 250 బడులు. క్రమంగా అవి 2,598 అయ్యాయి. ఇంజనీరింగు కళాశాలలు, విశ్వవిద్యాలయాలు వనరుల కేంద్రాలుగా ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చాయి. మొదట ఇంగ్లండు నుంచి తెచ్చిన యంత్రాలు. తర్వాత పంజాబులో మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్సు అదే యంత్రాన్ని యూనికార్న్ అనే పేరుతో ఇక్కడే తయారుచేసింది. ఆ కర్మాగారమే 1989 ఫిబ్రవరిలో కాలిపోయింది. మన చిప్పుల పరిశ్రమకు ఆ మంట చేసిన నష్టం ఇప్పటికీ పూడలేదని నా అభిప్రాయం.

పథకం ఉద్దేశం మంచిది. పిల్లలకు కంప్యూటరంటే భయం పోవాలి, చేత్తో తాకాలి, దేనికి పనికొస్తుందో తెలియాలి. ఆ రోజుల్లో అంత దూరం ఆలోచించినవాళ్ళను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ ఒక సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇంగ్లండులో ఆ యంత్రం బడిలోనే కాదు, ఇళ్ళలో కూడా ఉంది. బడిలో టీచరుకు తెలియనిది ఇంటి దగ్గర నేర్చుకుని వచ్చిన పిల్లవాడు చెప్పేవాడు. మన దగ్గర ఇంటి మెట్టు అసలు లేదు. 1984లో చీరాల వీధుల్లో టీవీ ఉన్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తండ్రి గుంటమగ్గంలో, తల్లి ఆసు దగ్గరో, పొగాకు గ్రేడింగులోనో ఉన్న ఇంట్లో, ఉన్న ఒక్క గది మగ్గానికే సరిపోయే ఇంట్లో, ఇంటి కంప్యూటరుకు చోటెక్కడిది? ఇంటికోసం చేసిన యంత్రం మన దేశంలో ఇల్లు చూడకుండానే బడికొచ్చేసింది.

వచ్చాక ఏమైందో ఒక చిన్న లెక్క వేయండి. తరగతిలో యాభై మంది పిల్లలు, గదిలో అయిదు యంత్రాలు, నలభై నిమిషాల పీరియడు. యంత్రానికి పదిమంది, పిల్లకు నాలుగు నిమిషాలు. అందులో టేపు ఎక్కేందుకు పోయేవి మూడు. మిగిలినది ఒక నిమిషం. ఆ నిమిషం మధ్యలో కరెంటు పోతే ఎక్కించిందంతా పోతుంది. దీనికి తోడు ప్రోగ్రాములు, పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చాయి. వాటిలో చాలా భాగం ఇంగ్లండు పిల్లల పాఠాలకు రాసినవి. శిక్షణ పొందిన టీచరు బదిలీ అయితే యంత్రాలు మూతబడేవి. ఇంత ఖరీదు వస్తువు పాడైతే ఎవరు జవాబుదారీ అన్న భయంతో గదికి తాళం పడేది. తాళం వెనక ఉన్న కంప్యూటరు గురించి పిల్లలు ఇన్‌పుట్ పరికరాలు ఏవి, అవుట్‌పుట్ పరికరాలు ఏవి అని బట్టీ పట్టేవారు. ఆ బట్టీ ఇప్పటికీ వదల్లేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక మాస్టారి దగ్గరకు వస్తాను.

ఆయన సెలవుల్లో క్లాస్ పథకం శిక్షణకు వెళ్ళి వచ్చారు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, బడిలో తాళం వేసిన గది. ఆయన మొట్టమొదట చేసిన పని తాళంచెవి తన దగ్గర పెట్టుకోవడం. పాడైతే తన జీతంలోంచి కట్టుకోమని రాసిచ్చారట. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, తర్వాత బడి గుమాస్తాగారు చెబితే తెలిసింది. రెండో పని, పిల్లకు నాలుగు నిమిషాలన్న లెక్కను ఆయన తిరగేశారు. వారమంతా ప్రోగ్రాము నోటుపుస్తకంలో రాయాలి. రాసినదాన్ని పక్కవాడు యంత్రంలాగా వరస తప్పకుండా అమలు చేసి చూపాలి. తప్పులు దిద్దుకోవాలి. యంత్రం దగ్గరకు వచ్చేది టైపు చేసి నిజం తేల్చుకోవడానికి మాత్రమే. అలా చేస్తే నాలుగు నిమిషాలు చాలు. టేపు అక్కరలేదు, పదిహేను వాక్యాలు టైపు చేయడమే. యంత్రం ఆగిపోయిన రోజుల్లో కూడా పాఠం ఆగలేదు. ఉప్పుగాలికి లోపలి చిప్పుల కాళ్ళకు చిలుము పట్టి తెర మీద గీతలు వచ్చేవి. ఆయన స్విచ్చి తీసి, మూత విప్పి, సాకెట్లలోని చిప్పులను బొటనవేలితో ఒకటొకటిగా నొక్కేవారు. చాలాసార్లు అదే మందు. మమ్మల్ని కూడా నొక్కనిచ్చేవారు.

ద్విసంఖ్యామానం చెప్పిన రోజు సంగతి ఇప్పటికీ ఆ తరగతిలో ఉన్నవాళ్ళు కలిస్తే చెప్పుకుంటారు. బీబీసీ మైక్రోలో ఒక సదుపాయం ఉంది. ఎనిమిది గళ్ళ వెడల్పు, ఎనిమిది గళ్ళ పొడవు ఉన్న చిన్న బొమ్మను మనమే గీసి, దాన్ని ఒక అక్షరంలాగా వాడుకోవచ్చు. ఒక్కో వరసలో ఎనిమిది గళ్ళు. కుడి నుంచి ఎడమకు వాటి విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128. నింపిన గళ్ళ విలువలు కూడితే ఆ వరసకు ఒక సంఖ్య వస్తుంది. ఎనిమిది వరసలకు ఎనిమిది సంఖ్యలు. వీడీయూ 23 అని కొట్టి, అక్షరానికి ఒక నంబరిచ్చి, ఈ ఎనిమిదీ ఇస్తే బొమ్మ తయారు. మాస్టారు నల్లబల్ల మీద గళ్ళు గీసి 24, 60, 126, 255, 255, 126, 60, 24 అని రాశారు. ఏ గడి నింపాలో, ఏది వదిలేయాలో మమ్మల్ని చెప్పమన్నారు. గళ్ళు నిండుతుంటే వజ్రం ఆకారం కనిపించింది. వెనక బెంచీలో జాండ్రపేట నేతవాళ్ళ అమ్మాయి లేచి, “మాస్టారూ, ఇది మా ఇంట్లో జాకార్డు అట్టే గదండీ” అంది.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. “అమ్మాయ్, మీ నాన్ననడిగి పాత అట్టలు రెండు పట్రా” అన్నారు.

మరుసటి రోజు అట్టలు వచ్చాయి. ఈ సభలో సగంమందికి నేను చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చీర అంచు బొమ్మను ముందు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి రాస్తారు. గ్రాఫును చూసి అట్టలకు చిల్లులు కొడతారు. పేక పోగు ఒక్కోదానికీ ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దాంతో పడుగు పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. అట్టలన్నీ దండగా కుట్టి మగ్గం మీద తిప్పితే బొమ్మ దానంతట వస్తుంది. ఫ్రాన్సులో జాకార్డు ఈ యంత్రాన్ని 1804లో పూర్తిచేశాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ లెక్కలు చేసే యంత్రానికి ఆజ్ఞలివ్వడానికి ఈ అట్టలనే ఎంచుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హొలెరిత్ చిల్లుల కార్డులే వాడాడు, ఆయన స్థాపించిన కంపెనీ కొన్ని కంపెనీలతో కలిసి తర్వాత ఐబీఎం అయింది. ఇదంతా మాస్టారు ఆ పీరియడులోనే చెప్పారు. చెప్పి, ఇకనుంచి ఎవరింట్లో అంచు గ్రాఫులున్నాయో వాళ్ళు తేవాలన్నారు. ఇంగ్లండులో చేసిన యంత్రాన్ని చీరాల బడికి తగినట్టు మార్చడం అక్కడ జరిగిందని నేను నమ్ముతున్నాను. ఆ రోజు దాకా లెక్కల్లో వెనకబడ్డారని అనిపించుకున్న నేతపనివాళ్ళ పిల్లలు ఆ తర్వాత నెల రోజుల్లో 255 దాకా ఏ సంఖ్యనైనా చూడగానే గళ్ళుగా విప్పేసేవారు. వాళ్ళకు అది చిన్నప్పటి నుంచీ కళ్ళ ముందున్న విద్య. దాన్ని లెక్క అని పిలవచ్చని అంతదాకా ఎవరూ చెప్పలేదు.

మాస్టారు అక్కడ ఆగలేదు. తెలుగు రాయాలన్నారు. సున్న చాలా సులువు: 60, 66, 129, 129, 129, 129, 66, 60. చక్కని గుండ్రం. ర కూడా వచ్చింది, తలకట్టు కాస్త నలిగినా. ఆ తర్వాతే కష్టం. యంత్రం మనకు వదిలిన అక్షరాల నంబర్లు 224 నుంచి 255 దాకా, మొత్తం 32. తెలుగు అచ్చులు, హల్లులకే అవి చాలవు, ఇక గుణింతాలు, ఒత్తులు ఎక్కడ పెట్టాలి? ఇంకా కావాలంటే ప్రోగ్రాముకున్న చోటులోంచి కోసుకోవాలి. పైగా ఎనిమిది వరసల గడిలో ఇంగ్లీషు అక్షరం హాయిగా కూర్చుంటుంది. స్త్రీ అని రాయాలంటే పైన గుడిదీర్ఘం, మధ్యలో స, కింద తావత్తు, రావత్తు కావాలి. పిల్లలు రకరకాలుగా ప్రయత్నించారు. చివరికి అక్షరానికి మూడు గళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, పై గడిలో గుడులు, మధ్య గడిలో ఒళ్ళు, కింది గడిలో ఒత్తులు రాసే పద్ధతి ఒకటి కుదుర్చుకున్నారు. ఆ పద్ధతిలో తెర మీద చీరాల అని ఎర్రగా వెలిగిన రోజు మాస్టారు మిగతా తరగతులన్నిటినీ పిలిచి చూపించారు. ఇదే సమస్యతో దేశంలో పెద్ద పెద్ద ఇంజనీర్లు కుస్తీ పడుతున్న కాలం అది. కాన్పూరు ఐఐటీలో మొదలైన పని తర్వాత పూణే సీడాక్‌లో జిస్ట్ కార్డుగా బయటికి వచ్చింది, భారతీయ లిపుల సంకేతాల ప్రమాణం ఇస్కీ 1991లో ఖరారైంది. చీరాల పిల్లలు వాళ్ళకంటే ముందు కనిపెట్టారని నేననను. అదే ప్రశ్నను తమంత తామే ఎదుర్కొన్నారు, కాగితం, రబ్బరు, నోటుపుస్తకంతో. చదువంటే నా లెక్కలో అదే.

రెండో సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో సీమోర్ పాపర్ట్ అనే గణితవేత్త, సింథియా సాలమన్, వాలీ ఫోయర్జీగ్ కలిసి 1967లో లోగో అనే భాష తయారుచేశారు. తెర మీద ఒక తాబేలు ఉంటుంది. ఇంత దూరం నడువు, ఇంత కోణం తిరుగు అని చెబితే నడిచిన దారిలో గీత పడుతుంది. పాపర్ట్ 1980లో రాసిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకంలో చెప్పింది ఒకటే: కంప్యూటరు పిల్లవాణ్ణి నడిపించడం కాదు, పిల్లవాడే కంప్యూటరును నడిపించాలి. మా బడిలో లోగో చిప్పు లేదు. మాస్టారు మమ్మల్ని ఓడరేవు సముద్రతీరానికి తీసుకెళ్ళి, ఒకణ్ణి తాబేలు చేసి, మిగతావాళ్ళను ఆజ్ఞలివ్వమన్నారు. పది అడుగులు నడిచి 72 డిగ్రీలు తిరుగు, అలా అయిదుసార్లు. ఇసుకలో పంచభుజి పడింది. 144 డిగ్రీలు తిరిగితే అయిదు మొనల నక్షత్రం. గీతలు ఒకదాన్నొకటి దాటని ఏ బహుభుజి చుట్టూ తిరిగొచ్చినా మొత్తం తిరుగుడు 360 అనే సంగతి మాలో ఎవరికీ పుస్తకంలోంచి రాలేదు, కాళ్ళలోంచి వచ్చింది.

ఆ తర్వాతి చరిత్ర వేగంగా చెప్పుకోవచ్చు. 1993 తర్వాత క్లాస్ పథకం రూపం మారి, కొత్తగా చేరిన బడులకు బీబీసీ మైక్రోలకు బదులు 486 యంత్రాలు వచ్చాయి. 2004లో కేంద్రం బడుల ఐసీటీ పథకంలో దాన్ని కలిపేసింది. మన రాష్ట్రంలో 2008లో అయిదు వేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు గదులు పెట్టి, నడిపే బాధ్యత అయిదేళ్ళపాటు ప్రైవేటు కంపెనీలకిచ్చారు. గడువు తీరాక బోధకులు వెళ్ళిపోయారు, గదులు మిగిలాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు, ఆ తర్వాత గోడల మీద పెద్ద తెరలు వచ్చాయి. పిల్లలకు వస్తువు అందడం మంచిదే, పేదింటి పిల్లకు అందడం ఇంకా మంచిది. నా ఫిర్యాదు ఒకటే. ఆ ట్యాబ్ పాఠం ముందే నింపుకుని వచ్చింది, పిల్ల వేలు పెట్టి చూసింది. అందులో పిల్ల గాని, టీచరు గాని సొంతంగా ప్రోగ్రాము రాసుకోవాలన్న ఆలోచన లేదు. 32 కేబీ యంత్రంలో ఉన్న ఆ ఖాళీ గీత ఇన్ని జీబీల ట్యాబ్‌లో లేదు.

ఇది తప్పదని అనుకోవద్దు. కేరళలో ప్రభుత్వ బడుల టీచర్లే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద తమ పాఠాలు తాము తయారుచేసుకుంటున్నారు, యంత్రాలను బాగుచేయడం కూడా నేర్చుకున్నారు. కేంబ్రిడ్జిలోనే ఎబెన్ అప్టన్ అనే ఇంజనీరు, పిల్లలకు ప్రోగ్రాము రాసుకునే యంత్రం ఇంట్లో లేకుండా పోయిందని బాధపడి, మిత్రులతో కలిసి 2012లో అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై తెచ్చాడు. దాని రకాలకు మోడల్ ఎ, మోడల్ బి అని బీబీసీ మైక్రో పేర్లే పెట్టుకున్నాడు. టీవీ ఉంటే చాలు, అది నడుస్తుంది. ఇప్పుడు చీరాలలో టీవీ లేని ఇల్లు వెతకాలి. 1984లో మనకు లేని ఇంటి మెట్టు ఇవాళ ఉంది.

చివరగా ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. 1986లో ఇంగ్లండులో బీబీసీ, బడిపిల్లల చేత తమ ఊళ్ళ గురించి రాయించి, ఫోటోలు తీయించి, రెండు లేజరు డిస్కుల మీద భద్రపరిచింది. పది లక్షల మంది దాకా అందులో పాల్గొన్నారు. అద్భుతమైన పని. అయితే పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలు కరువయ్యాయి, పరిశోధకులు కష్టపడి వాటిని బయటికి తీయవలసి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ కిందట అదే దేశంలో తోలు కాగితాల మీద రాసిన గ్రామాల లెక్క మాత్రం ఇప్పటికీ చదవగలుగుతున్నారు.

మన ఊళ్ళలో జాకార్డు గ్రాఫులను, పాత అట్టలను అటకల మీద చెదలు తింటున్నాయి. మగ్గాలు తగ్గుతున్నాయి, గ్రాఫు రాసే చేతులు ఇంకా వేగంగా తగ్గుతున్నాయి. మాస్టారు మాతో చేయించిన పనినే ఇప్పటి పిల్లలతో చేయిద్దాం. ఒక్కో బడి కొన్ని గ్రాఫులు తీసుకోవాలి. పిల్లలు వాటిని గళ్ళ వరసలుగా, వరసలను సంఖ్యలుగా మార్చాలి, ఆ సంఖ్యలతో తెర మీద అంచు గీసే ప్రోగ్రాము తామే రాయాలి. దీనికి పెద్ద యంత్రాలక్కర్లేదు. బీబీసీ మైక్రోను అనుకరించే ఉచిత ప్రోగ్రాములు మామూలు కంప్యూటరులోనే నడుస్తాయి. గ్రాఫు ఏ ఇంటిదో, అంచుకు ఆ ఇంట్లో ఏమని పేరో, ఎవరు గీశారో పిల్లలే అడిగి రాసుకోవాలి. సంఖ్యల ప్రతి ఒకటి కాగితం మీద కూడా ఉండాలి. అలా తయారైన సంపుటాన్ని భద్రపరచడానికి మన పక్కనే 1918 నుంచి పుస్తకాలను, పత్రికలను కాపాడుతున్న వేటపాలెం సారస్వత నికేతనాన్ని కోరదాం.

ఎవరింట్లోనైనా బడి తీసిపారేసిన పాత బీబీసీ యంత్రం ఉంటే దయచేసి వెంటనే కరెంటు పెట్టకండి. దాని పవర్ సప్లైలో రెండు కెపాసిటర్లు తేమ పీల్చుకుని ఉంటాయి, పొగ వస్తుంది. ముందు వాటిని మార్పించాలి, ఆ పని నేను చేసిపెడతాను. గ్రాఫులున్నవాళ్ళు ఈ సభ అయ్యాక మెట్ల దగ్గర పెట్టిన పుస్తకంలో ఇంటి పేరు, వీధి రాసి వెళ్ళండి. పిల్లలు ఆదివారాలు వచ్చి మీ ఎదుటే ఫోటో తీసుకుంటారు. గ్రాఫు మీ ఇంట్లోనే ఉంటుంది.